జీపుతో పాటు ఒక పార

(శాక్రమెంటో చుట్టుపక్కల ఉంటున్న తెలుగు కుటుంబాలు ఒక శనివారం సాయంత్రం కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది. చివర అడిగిన ప్రశ్నల్లో కొన్నే ఇక్కడ ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు ముందు వరసలో కూర్చున్నారు. అందుకని కొంచెం నిదానంగా మాట్లాడతాను. వినపడకపోతే చెయ్యెత్తండి.

లోపలికి వస్తూ పార్కింగులో చూశాను. బానెట్ పక్కన "రూబికాన్" అని రాసున్న జీపులు నాలుగున్నాయి. అది ఒక దారి పేరు. 2003 మోడల్ నుంచి జీపు మీదికెక్కింది. ఆ దారి ఇక్కడికి రెండు గంటల పైచిలుకు దూరంలో ఉంది, చాలా భాగం మన ఎల్డొరాడో కౌంటీలోనే. జార్జ్‌టౌన్ వైపు నుంచి టాహో సరస్సు దాకా, సుమారు 22 మైళ్లు. అందులో రాళ్ల భాగం దాటడానికి చాలామందికి రెండు రోజులు పడుతుంది. ఆ పేరున్న బండి కొన్నవాళ్లకి ఆ దారి ఇంకా ఎందుకు తెరిచి ఉందో తెలియాలని నా కోరిక. రెండుసార్లు మూతపడేదాకా వెళ్లి బయటపడిన దారి అది. ఆ కథకి వస్తాను. ముందు మా ఊరి సంగతి.

మాది గుంటూరు జిల్లా. ఊళ్లోంచి మా పొలానికి డొంక ఉండేది. గోదావరి జిల్లాల వాళ్లు పుంత అంటారు కదా, అదే. రెండు పక్కలా చేలు, మధ్యలో ఎడ్లబండి పట్టేంత దారి. ఎవరి సొంతమూ కాదు. రెవెన్యూ లెక్కల్లో డొంక పోరంబోకు. తొలకరికి ముందు మా నాన్న పార భుజాన వేసుకుని ఆ డొంక పొడవునా నడిచేవారు. బండి గాడి ఎక్కడ లోతుపడిందో చూసి, అక్కడ ఏటవాలుగా మట్టి కట్ట వేసి, పక్కకి గండి కొట్టేవారు. పడిన నీళ్లు డొంకలో పారకుండా పక్క బోదెలోకి పోవాలి. ఒక్క ఏడాది ఆ పని జరక్కపోతే రెండు పెద్ద వానలకి డొంక వాగైపోయేది. బండ్లు దిగబడేవి. దిగబడుతుందని కొందరు పక్క చేలోంచి తోలేవాళ్లు. పైరు తొక్కేశారని ఆ రైతు ముళ్లకంప తెచ్చి అడ్డం పడేసేవాడు. మా ఊళ్లో అలా పోయిన డొంకలు రెండున్నాయి. లెక్కల్లో ఇప్పటికీ ఉన్నాయి. నేల మీద లేవు.

ఇవాళ నేను చెప్పేది ఈ కథే. ఎడ్లబండి బదులు జీపు, చేను బదులు అడవిలో పచ్చిక బయలు, ముళ్లకంప బదులు ఇనుప గేటు.

ఆ గేటు నాకు మొదటిసారి ఎదురైంది పదకొండేళ్ల కింద. ఏ అడవి, ఏ ఆఫీసు అన్నది వదిలేద్దాం. మా ఆయన, నేను, పిల్లలిద్దరు, అప్పుడే కొన్న పాత టొయోటా టకోమా ట్రక్కు. అంతకు మూడేళ్ల ముందు స్నేహితులతో వెళ్లొచ్చిన చోటే, ఒక చిన్న చెరువు దగ్గర రాత్రి ఉందామని బయల్దేరాం. పొద్దున చేసిన చపాతీలు, బంగాళదుంప కూర డబ్బాల్లో ఉన్నాయి. దారి మొదట్లో గేటు. గేటుకి ప్లాస్టిక్ కవర్లో నోటీసు. మోటారు వాహనాలకి ప్రవేశం లేదు. నాకు చాలా కోపం వచ్చింది. సోమవారం ఆ ఆఫీసుకి ఫోన్ చేశాను. అవతల మాట్లాడిన అమ్మాయి ఓపికగా చెప్పింది. రెండేళ్ల కింద ఈ దారి గురించి ప్రజల అభిప్రాయాలు అడిగాం. గడువు ముగిసింది. దారి ఉంచమని స్థలం వివరాలతో రాసినవాళ్లు దాదాపు ఎవరూ లేరు. అది వాగు పక్కన కోసుకుపోతోంది, బాగుచేస్తామని ఎవరూ ముందుకి రాలేదు. అందుకని మూసేశాం.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కోపం ఆ అమ్మాయి మీద కాదు. గేటు ఎదురైన రోజున మేము రెండేళ్లు ఆలస్యంగా వచ్చామన్నమాట. అప్పుడు మొదలైంది నాకు ఈ పని.

ఇది ఎవరి భూమో ముందు చెప్తాను. అమెరికాలో ఫారెస్ట్ సర్వీస్ చేతిలో సుమారు 19 కోట్ల ఎకరాలున్నాయి. బీఎల్ఎం అని, భూ నిర్వహణ శాఖ, దాని చేతిలో ఇంకో 24 కోట్ల పైచిలుకు. ప్రజలందరి భూమి. కాబట్టి నడిచేవాళ్లది, గుర్రం మీద వెళ్లేవాళ్లది, పశువులు మేపుకునేవాళ్లది, వేటకెళ్లేవాళ్లది, మనది, అక్కడ పుట్టి పెరిగే కప్పలది కూడా. ఇంతమందిది అయిన చోట ఎవరో ఒకరు హద్దు గియ్యక తప్పదు.

ఒకప్పుడు గీత లేదు. మోటార్ సైకిళ్లు, జీపులు, ఎడారి బగ్గీలు ఎటు పడితే అటు తిరిగేవి. 1972 ఫిబ్రవరిలో అధ్యక్షుడు నిక్సన్ ఒక ఆదేశం ఇచ్చాడు. మోటారు బండ్లు ఎక్కడ తిరగొచ్చో ఎక్కడ తిరక్కూడదో శాఖలు గుర్తించాలి, నేలకి, అడవి జంతువులకి, తక్కిన జనానికి ఇబ్బంది తగ్గేలా గుర్తించాలి అని. 1977లో కార్టర్ దానికి పదును పెట్టాడు. బండ్ల వల్ల నేల, నీరు, జంతువులు బాగా దెబ్బతింటున్నాయని తేలితే అధికారి వెంటనే మూసెయ్యాలి. ఇక 2005లో ఫారెస్ట్ సర్వీస్ పెట్టిన నియమం అన్నిటికంటే పెద్ద మార్పు. ప్రతి అడవికీ మోటారు దారుల మ్యాపు ఉండాలి. మ్యాపులో గీత ఉంటే దారి. లేకపోతే, నేల మీద అచ్చంగా దారి కనిపిస్తున్నా, చట్టం లెక్కలో అది దారి కాదు.

ఈ ఒక్క సంగతి మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. మీ పిల్లలకీ చెప్పండి. ఆ మ్యాపు ఉచితం, ఫోన్లో దింపుకోవచ్చు. కొండల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి ఇంటి దగ్గరే దింపుకోవాలి. మ్యాపులో లేని జాడలో ఒక్క బండి వెళ్తే వెనక పది బండ్లు వెళ్తాయి. ఆ పది బండ్ల జాడ ఫొటోలే రేపు కోర్టులో కాగితానికి అంటుకుంటాయి. ఇలాంటి ఫొటోలు నేను ఫైళ్లలో చూశాను.

ఇప్పుడు రూబికాన్.

అది ముందు ఇక్కడి ఆదివాసీలు కొండ దాటడానికి నడిచిన బాట. తర్వాత పంతొమ్మిదో శతాబ్దంలో రూబికాన్ స్ప్రింగ్స్ దగ్గర ఊటనీళ్ల కోసం హోటలు వెలిసింది, దానికి గుర్రబ్బండ్లు నడిచాయి. 1887లో ఎల్డొరాడో కౌంటీ దాన్ని ప్రజా మార్గమని తీర్మానం చేసింది. ఆ తీర్మానం రాసినవాళ్లకి జీపు అనే మాట కూడా తెలియదు. 1953లో జార్జ్‌టౌన్ నుంచి జీపుల యాత్ర మొదలైంది, ఇప్పటికీ ఏటా సాగుతోంది. హోటలు పోయింది, గుర్రబ్బండ్లు పోయాయి. 1887 కాగితం మిగిలింది. దారి ఎవరిదన్న ప్రశ్న వచ్చిన ప్రతిసారీ ఆ కాగితం బయటికొచ్చింది. మా ఊరి డొంకకి కూడా లెక్కల్లో కాగితం ఉంది. తేడా ఎక్కడుందంటే, ఇక్కడ ఆ కాగితం పట్టుకుని నిలబడిన జనం ఉన్నారు.

వాళ్లు నిలబడాల్సి వచ్చింది ఎందుకో విన్నప్పుడు నాకు సిగ్గేసింది. 2004లో ఆ దారి పక్కనున్న స్పైడర్ లేక్ ప్రాంతాన్ని కౌంటీ మూసేసింది. కారణం మనుషుల మలం. అక్కడంతా గ్రానైటు రాయి, గొయ్యి తవ్వితే రెండంగుళాలు దిగదు. సెలవు రోజుల్లో వందల మంది విడిది చేసేవాళ్లు. మరుగుదొడ్డి లేదు. చెరువు చుట్టూ ఎక్కడ చూసినా అదే. కొండల మధ్య అంత అందమైన నీళ్ల పక్కన.

అప్పటికే, 2001 నుంచి, ఫ్రెండ్స్ ఆఫ్ ద రూబికాన్ అని ఒక గుంపు తయారై ఉంది. రకరకాల జీపు క్లబ్బుల వాళ్లు, ఏ క్లబ్బూ లేనివాళ్లు. వాళ్లు దారి మొదట్లో నిలబడి ప్రతి బండికీ మలం సంచీలు పంచారు. వెంట తెచ్చుకున్నది వెంటే తీసుకెళ్లండని చెప్పారు. బండి కింద నూనె కారితే పీల్చే గుడ్డలు పెట్టుకోమని చెప్పారు. మరుగుదొడ్లకి గ్రాంట్లు రాయించారు. ఎండల్లో నిలబడి పరాయి మనుషులకి ఈ మాట చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. నేనూ రెండు వేసవులు చేశాను. కొందరు సంచీ తీసుకుని దండం పెడతారు. కొందరు అద్దం దించరు.

2009లో రెండో దెబ్బ. ప్రాంతీయ నీటి నాణ్యత బోర్డు, కౌంటీకీ ఫారెస్ట్ సర్వీస్‌కీ కలిపి శుద్ధి ఆదేశం ఇచ్చింది. దారి మట్టి కోసుకుని వాగుల్లో కలుస్తోంది, మలం, చమురు కలుస్తున్నాయి, ఆపండి అని. ఆ విచారణకి జీపుల వాళ్లు పెద్ద ఎత్తున వెళ్లారు. ఇక్కడ మనం నేర్చుకోవాల్సింది వాళ్లు మాట్లాడిన తీరు. మా హక్కు మా హక్కు అని అరిచి వచ్చి ఉంటే బోర్డుకి మూసెయ్యడమే తేలికయ్యేది. ఫలానా మలుపు దగ్గర నీళ్లు పక్కకి మళ్లిస్తాం, ఫలానా వాగు మీద వంతెన కావాలి, మనుషుల్ని మేం తెస్తాం అని స్థలం పేరు పెట్టి చెప్పినవాళ్లు ఉన్నారు. చివరికి వచ్చిన ఆదేశంలో దారి మూసెయ్యమని లేదు. బాగుచేసే ప్రణాళిక ఇవ్వండి, గడువులివిగో అని ఉంది. తర్వాత వాగుల మీద వంతెనలొచ్చాయి. 2012లో ఫారెస్ట్ సర్వీస్ ఆ దారి హక్కును కాగితం మీద కౌంటీకి రాసిచ్చింది. ఇవాళ మీరు ఆ వంతెన మీద చక్రం పెడితే కింద నీళ్లు తేటగా పోతుంటాయి. ఆ తేటదనం కోసమే దారి మిగిలింది.

అన్ని కథలూ ఇలా ముగియలేదు. మనవాళ్లు చాలామంది యూటాలో మోయాబ్ వెళ్తుంటారు. అక్కడ ల్యాబిరింత్ రిమ్స్, జెమినై బ్రిడ్జెస్ ప్రాంతంలో సుమారు 1,100 మైళ్ల దారులుంటే, 2023 సెప్టెంబరులో బీఎల్ఎం 317 మైళ్లు మోటారు బండ్లకి మూసేసింది. దానికి దారితీసిన కోర్టు రాజీ కుదిరింది 2017లో. అంటే ఆ గేట్ల బీజం ఆరేళ్ల ముందు పడింది. ఆ ఆరేళ్లూ మనవాళ్లు అక్కడ ఫొటోలు దిగుతూనే ఉన్నారు.

మన ఎల్డొరాడో అడవిలోనే ఇంకోటి జరిగింది. పచ్చిక బయళ్ల మీదుగా పోయే దారుల మీద కోర్టులో కేసు పడింది. జడ్జి తీర్పు ప్రకారం 2012లో 42 దారులు తాత్కాలికంగా మూసేశారు. తర్వాత ఒక్కో బయలునీ పరిశీలించి కొన్ని తెరిచారు, కొన్ని ముందు బాగుచేశాకే తెరుస్తామన్నారు. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే మనవాళ్లలో చాలామంది పచ్చిక బయలు అంటే ఖాళీ స్థలం అనుకుంటారు.

సియెర్రా కొండల్లో మంచు కరిగిన నీళ్లని పట్టి ఉంచేవి ఈ బయళ్లే. స్పాంజిలాంటివి. మే, జూన్‌లో నిండి, ఆగస్టు దాకా కొంచెం కొంచెంగా వాగులోకి వదులుతాయి. ఆ తడి నేల మీద ఒక్క బండి వెళ్తే రెండు గాళ్లు పడతాయి. మన చేలో తవ్విన మురుగు కాలవలాగా అవి పని చేస్తాయి. బయలులో నిలవాల్సిన నీళ్లు ఆ గాళ్లలోకి చేరి వడివడిగా వెళ్లిపోతాయి. కొన్నేళ్లకి గడ్డి ఎండుతుంది, పైన్ మొక్కలు లేస్తాయి. అక్కడ గుడ్లు పెట్టే యొసెమిటీ కప్ప 2014 నుంచి రక్షిత జాతుల జాబితాలో ఉంది. వరి మడిలో దమ్ము చేసినవాళ్లకి, చేసినవాళ్లని చూసినవాళ్లకి ఇది ఇంకా విడమర్చి చెప్పాలా? తడి నేల ఎంత మెత్తన, చక్రం ఎంత లోతు దిగుతుందో మనకి తెలుసు. అయినా దారిలో గుంట కనిపిస్తే పక్క గడ్డిలోంచి తోలేస్తాం. దారి వెడల్పవుతుంది, రెండుగా చీలుతుంది, మూడుగా చీలుతుంది. గుంటలోంచే వెళ్లండి. బండి తడుస్తుంది, అంతే. వెళ్లలేనంత లోతుంటే వెనక్కి తిరగండి.

చలికాలంలో అదే అడవిలో జనవరి నుంచి మార్చి దాకా మట్టి దారులు మూసి ఉంచుతారు. కొందరు మనవాళ్లకి దాని మీద ఫిర్యాదు ఉంది. నాకు లేదు. ఏడాదిలో తొమ్మిది నెలలు తెరిచి ఉండాలంటే ఆ మూడు నెలలు మూసి ఉండాలి.

ఇక రాయడం గురించి. ఇదే నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది, దీనికి కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటాను.

ఒక దారి విషయంలో నిర్ణయం తీసుకునే ముందు శాఖ తన ఆలోచనని బయటపెడుతుంది. 1970 జనవరి 1న సంతకమైన పర్యావరణ చట్టం, నెపా అంటారు, దాని కింద పరిశీలన చేస్తుంది, ప్రజల మాట అడుగుతుంది. మన దగ్గర పేపర్లో అభ్యంతరాలుంటే ఇన్ని రోజుల్లోగా తెలపండి అని చిన్న అక్షరాలతో ప్రకటన పడుతుంది కదా, అలాంటిది. ఒక మాట జాగ్రత్తగా వినండి. 2025లో ఈ నియమాలని శాఖలు తిరగరాశాయి, కామెంట్‌కి, అంటే ప్రజలు అభిప్రాయం రాయడానికి, గడువు తప్పనిసరిగా ఇవ్వాలన్న నిబంధన కొన్నిచోట్ల సడలింది. అందువల్ల నోటీసు కోసం ఎదురు చూస్తూ కూర్చోకండి. మీరు వెళ్లే అడవి ఏ రేంజర్ పరిధిలో ఉందో కనుక్కుని, ఆ ఆఫీసుకి ముందే ఉత్తరం రాసి, రాబోయే పనుల సమాచారం పంపమని అడగండి. మూడు నెలలకోసారి ప్రతి అడవీ తన రాబోయే పనుల పట్టీ వేస్తుంది. దాన్ని చదవడం నాకు పంచాంగం చూసినట్టు అలవాటైంది.

కామెంట్ ఓటు కాదు. వెయ్యి మంది ఒకే ఉత్తరం పంపితే దాన్ని ఒక మాటగానే తీసుకుని జవాబు రాస్తారు. "నాకు ఈ దారి ఇష్టం, మూయకండి" అన్నదానికి వాళ్లు చెయ్యగలిగింది ఏమీ లేదు. నేను మొదటిసారి రాసింది అలాంటిదే, రెండు పేజీలు రాశాను, మొత్తం నా బాధే. రెండోసారి నాకు నేర్పింది ఒక పెద్దాయన. డెబ్భై దాటిన వెల్డరు, నలభై ఏళ్లుగా ఈ కొండల్లో తిరిగిన మనిషి. ఆయన అన్నది ఇదీ: "నీ బాధ చదివే అధికారి చేతిలో కలం ఉంది. ఆ కలంతో ఏం రాయాలో ఆమెకి చెప్పు."

అప్పటి నుంచి నేను ఇలా రాస్తాను. దారి నంబరు. ఏ నెలలో ఎన్నిసార్లు వెళ్లాను. ఎక్కడ మొదలై ఎన్నో మైలు దగ్గర వాగు తగులుతుంది. అక్కడ ఒడ్డు ఎంత కోసుకుపోయింది, ఫొటో, తేదీ. దానికి నేను అడిగే పరిష్కారం: నలభై అడుగులు పైనుంచి దారి మళ్లించండి, లేదా రాళ్లు పరిచి బండి వాగు దాటే చోటు గట్టి చెయ్యండి, లేదా వానల నెలల్లో మూయండి. పూర్తిగా మూయడం కాకుండా ఈ మార్గం కూడా మీ నివేదికలో పరిశీలించండి. చివర, దీనికి మేం ఎంతమంది ఎన్ని రోజులు పనికి వస్తామో. ఒక పేజీ చాలు. ఇంగ్లీషు గొప్పగా ఉండక్కర్లేదు. పొలం గట్టు తగాదాలో సర్వేయరుకి చెప్పినట్టు చెప్పండి.

ఇంకో సంగతి. ఫారెస్ట్ సర్వీస్ ముసాయిదా నిర్ణయం మీద తర్వాత అభ్యంతరం పెట్టాలంటే, ముందు దశలో కామెంట్ రాసి ఉండాలి. మొదట్లో నోరు మెదపనివాళ్లకి చివర్లో మాట ఉండదు.

మనలో చాలామందికి ఒక భయం ఉంది, నాకూ ఉండేది. మేం ఈ దేశ పౌరులం కాదు, హెచ్‌వన్ మీద ఉన్నాం, గ్రీన్ కార్డు కోసం ఏళ్లు చూస్తున్నాం, ప్రభుత్వానికి ఉత్తరం రాస్తే ఏమవుతుందో అని. కామెంట్ పెట్టడానికి పౌరసత్వం అడగరు. ఆ దారితో సంబంధం ఉన్న ఎవరైనా రాయొచ్చు. అయితే పేరు పెట్టి రాసిన కామెంట్ ప్రజా రికార్డులో చేరుతుంది, ఎవరైనా చదవొచ్చు. అది తెలిసి రాయండి, ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు ఉత్తరం మధ్యలో ఇరికించకండి. దారి మీద పని చెయ్యడానికి వస్తే వాలంటీరు ఒప్పందం మీద సంతకం చేయిస్తారు. పనిలో దెబ్బ తగిలితే రక్షణ ఉండేది దానివల్లే. ఆ కాగితంలో పౌరసత్వం, వీసా గురించి అడుగుతారు, కాబట్టి వీసా మీద ఉన్నవాళ్లు సంతకానికి ముందే ఆ ఆఫీసులో విచారించండి.

డబ్బు సంగతి రెండు మాటల్లో. మనం అడవి దారుల్లో కాల్చే పెట్రోలు మీద కట్టిన పన్నులో కొంత ఈ దారులకే తిరిగొస్తుంది. 1991 నాటి చట్టంతో మొదలైన కేంద్ర ట్రెయిల్ నిధిలో 30 శాతం మోటారు దారులకి, 30 శాతం నడక, గుర్రపు దారులకి, 40 శాతం అందరూ వాడే వాటికి. కాలిఫోర్నియాకి 1971 నుంచే సొంత చట్టం ఉంది. గ్రీన్ స్టిక్కర్ అనే అడవి బండ్ల రిజిస్ట్రేషన్ రుసుము, పెట్రోలు పన్ను కలిపిన నిధి నుంచి ఏటా గ్రాంట్లిస్తారు. గ్రాంటు దరఖాస్తులో వాలంటీర్ల గంటలు మన వాటాగా చూపించుకోవచ్చు. అందుకే పనికి వచ్చినప్పుడు హాజరు పట్టీలో సంతకం మరిచిపోకండి. ఒక గంట పార పట్టినా అది లెక్కే.

అన్ని దారులూ తెరిచే ఉండాలని నేను అనను. శాన్ బెనిటో కౌంటీలో క్లియర్ క్రీక్ అని ఉంది. బే ఏరియా మోటార్ సైకిళ్ల వాళ్లకి ఒకప్పుడు పుట్టిల్లు. అక్కడి రాయిలో సహజంగానే ఆస్బెస్టాస్ ఉంది, చక్రం తిరిగితే దుమ్ములో లేస్తుంది. కేంద్ర పర్యావరణ సంస్థ పరీక్ష చేసి ఆరోగ్యానికి ముప్పని చెప్పాక 2008లో బీఎల్ఎం మూసింది. ఆ మూసివేత మీద ఇప్పటికీ వాదనలున్నాయి. వాటిలోకి నేను పోను. నా పిల్లల్ని మాత్రం ఆ దుమ్ములోకి తీసుకెళ్లను. పర్యావరణ సంఘాల వాళ్లని శత్రువులుగా చూడటం కూడా నాకు నచ్చదు. ఒక పచ్చిక బయలు పని రోజున, దారి మీద కేసు వేసిన సంఘం సభ్యురాలు ఒకావిడ నా పక్కనే రాళ్లు మోసింది. మధ్యాహ్నం నా డబ్బాలో పులిహోర ఇద్దరం తిన్నాం. దారిని బయలు అంచుకి జరపడం ఇద్దరికీ సమ్మతమైంది.

పని ఎలా ఉంటుందో కూడా చెప్పి ప్రశ్నలకి వస్తాను. పొద్దున ఆరున్నరకి దారి మొదట్లో కలుస్తాం. హెల్మెట్, చేతి తొడుగులు, బూట్లు తప్పనిసరి. ముందు జాగ్రత్తల మాట. రంపం పట్టాలంటే శిక్షణ, ధ్రువపత్రం ఉండాలి, అవి లేనివాళ్లకి ఇవ్వరు. మనకి ఇచ్చేది మెక్లాడ్ అనే పనిముట్టు. ఒక పక్క దంతెలా పళ్లు, ఇంకో పక్క మన పారలా వెడల్పు రేకు. పులాస్కీ అని ఇంకోటి, ఒకవైపు గొడ్డలి, ఇంకోవైపు చిన్న పార. 1910 కార్చిచ్చుల్లో తన మనుషుల్ని కాపాడిన రేంజరు పేరు అది. 2021లో కాల్డర్ మంట 2 లక్షల 20 వేల ఎకరాలు కాల్చేశాక ఈ అడవిలో పని బాగా పెరిగింది. కాలిన వాలు మీద చెట్ల వేళ్లు మట్టిని పట్టవు, కాలిన చెట్లు దారికి అడ్డంగా పడుతూనే ఉంటాయి. చాలామటుకు మనం చేసేది ఒకటే. వాలు దారి మీద నీళ్లు పక్కకి పోయే దాట్లు ఉంటాయి, వాటి మూతి దగ్గర పేరుకున్న మట్టి, ఆకులు తియ్యడం. వాలు మీద నీళ్లు ఎంత దూరం ఆగకుండా పారితే అంత వడి, అంత కోత. మూతి పూడిన దాటు ఉన్నా లేనట్టే.

ఇక అడగండి.

(ప్రశ్న: పిల్లల్ని తీసుకురావచ్చా?)

తీసుకురావచ్చు. చిన్నపిల్లలైతే మీరు పక్కనే ఉండాలి, పద్దెనిమిది లోపు వాళ్లకి తల్లిదండ్రుల సంతకం కావాలి. మా పెద్దాడు పన్నెండేళ్లప్పుడు హాజరు పట్టీ రాసేవాడు, ఇప్పుడు నాకంటే బాగా పార పడతాడు.

(ప్రశ్న: క్లబ్బులో చేరాలా? వాళ్లు మనల్ని కలుపుకుంటారా?)

చేరాలని లేదు. కానీ ఒక్కరి ఉత్తరం కంటే దారి సంగతి తెలిసిన క్లబ్బు ఉత్తరంలో సరుకు ఎక్కువ ఉంటుంది. కలుపుకోవడం గురించి నిజం చెప్తాను. మొదటి మీటింగులో నాతో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. రెండో పని రోజున మాట్లాడారు. మూడోసారి నా కోసం ఒక మెక్లాడ్ పక్కన పెట్టి ఉంచారు.

(ముందు వరస నుంచి ఒక పెద్దాయన, ప్రకాశం జిల్లా రైతు, కొడుకు దగ్గరికి వచ్చినవారు: అమ్మాయ్, నీళ్లకి కట్ట దారికి నిట్ట అడ్డంగా వేస్తారా? అలా వేస్తే మట్టి అక్కడే పేరుకుని, నీళ్లు ఎక్కి దూకుతాయి కదా?)

దూకుతాయండి బాబాయ్ గారూ. అదే తప్పు మొదట్లో మేమూ చేశాం. ఇక్కడా ఏటవాలుగానే వేస్తారు, పల్లం వైపు మూతి కిందికి ఉండేలా. ముందు చిన్న పల్లం తీసి, దాని వెనక ఆ మట్టినే గట్టుగా పోస్తారు, బండి మెల్లగా ఎక్కి దిగేలా.

(పెద్దాయన: గట్టు మట్టిని తడిపి తొక్కుతారా, ఊరికే పోస్తారా?)

తేమ ఉన్నప్పుడే చేసి, పారతో కొట్టి, తొక్కుతాం. పొడి మట్టయితే మొదటి బండికే చెదిరిపోతుంది. మీరు వచ్చే నెల రెండో శనివారం దాకా ఉంటారా బాబాయ్ గారూ? టూరిస్టు వీసా కాబట్టి పార పట్టే సంగతి నేను రేంజరు ఆఫీసులో కనుక్కుంటాను. పట్టనివ్వకపోయినా, దారి పొడవునా నాతో నడవండి. ఎక్కడ గండి కొట్టాలో చూపిస్తే మేం కొడతాం.